నోటికి తాళం, నెలనెలా జీతం

డిగ్రీ చేతికొచ్చి, ఏం చెయ్యాలో తోచక ఫోన్ గోకుతూ కూర్చున్న పిల్లాడు మీ ఇంట్లో ఉంటే దిగులుపడకండి. పీఆర్‌లో వెయ్యండి. పెట్టుబడి రెండు ఇస్త్రీ చొక్కాలు, రెండు ఫోన్లు, ఎవరినైనా తొలి పరిచయంలోనే ‘అన్నా’ అనగల నాలుక. ‘మావాడికి మాటకారితనం లేదండీ, అబద్ధమాడితే మొహంలో తెలిసిపోతుంది’ అని కొందరు తల్లులు బెంగపడుతుంటారు. బెంగ అనవసరం. ఈ వృత్తిలో అబద్ధాలాడేవాళ్ళు కింది మెట్టు మీదే ఆగిపోతారు, ఎందుకంటే అబద్ధం ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. పై మెట్టుకు చేరినవాళ్ళను చూడండి. నిజం మొత్తం తెలిసి, టీ తాగుతూ, వాతావరణం గురించి మాట్లాడగలిగినవాళ్ళు వాళ్ళు.

మాటలు చెప్పేవాళ్ళకు ఈ దేశంలో కొదవేముంది? చిలక జోస్యులున్నారు, వెంచర్లలో ప్లాట్లు అమ్మేవాళ్ళున్నారు. వాళ్ళకెవరూ పీఎఫ్ కట్టి, ఆరోగ్య బీమా ఇచ్చి, కారు పెట్టి పోషించరు. కంపెనీ పీఆర్ మనిషికి ఇవన్నీ ఇస్తోందంటే, లోపలి సంగతి తెలిసి బయట పెదవి విప్పనందుకే. తెలియనివాడు నోరు మూసుకుంటే దమ్మిడీ రాదు. తెలిసినవాడు మూసుకుంటే నెలనెలా వస్తుంది. ఎంత ఎక్కువ తెలిస్తే అంత ఎక్కువ వస్తుంది. ఈ ఉద్యోగంలో లాభమైనా గండమైనా ఈ ఒక్క చోటే పుడతాయి.

మన జాతికి ఇదేమీ కొత్త విద్య కాదు. శ్రీనాథుడిని తీసుకోండి. పదిహేనో శతాబ్దంలో కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారి. ఈనాటి భాషలో చెప్పాలంటే కమ్యూనికేషన్స్ విభాగానికి అధిపతి. విజయనగరం వెళ్ళి అక్కడి పండితుడు డిండిమభట్టును వాదంలో ఓడించి, అతగాడి కంచుఢక్కను పగలగొట్టించాడు. పోటీదారు మైకు కట్ చేయించడం అన్నమాట. అక్కడి రాజు ప్రౌఢదేవరాయలు దీనారాలు తెప్పించి కనకాభిషేకం చేశాడు. ఏ ఏజెన్సీ వాళ్ళూ ఈనాటికీ ఆ స్థాయి ఇంక్రిమెంటు చూసి ఎరుగరు. తీరా రెడ్ల రాజ్యం పోయాక ఆ నాలుక కొనుక్కునేవాళ్ళు కరువయ్యారు. బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకుంటే ఏరు ఊడ్చుకుపోయింది. ఏడువందల టంకాల బాకీ కట్టలేక, భుజాన రాయి మోస్తూ ఎండలో నిలబడ్డాడని చాటువులు చెబుతాయి. పొగిడినవాళ్ళు పోయారు, పొగిడించుకున్నవాళ్ళు పోయారు, బాకీ మాత్రం నిలిచింది. వృత్తిలో లాభనష్టాల గురించి యూనివర్సిటీలు సెమిస్టరంతా చెప్పే పాఠం ఆ ఒక్క జీవితంలో ఉంది. పోతన ఈ రొంపిలో దిగలేదని మనవాళ్ళు మురిసిపోతారు. ఆయన క్లయింటు రాముడు. రాముడు ప్రెస్‌నోట్ మార్చమని రాత్రి పదకొండింటికి ఫోన్ చెయ్యడు.

ఈ విద్యకు టై కట్టి, విజిటింగ్ కార్డు అచ్చు వేయించింది అమెరికా వాళ్ళు. ఐవీ లీ అని ఒక మాజీ విలేఖరి. 1906లో ఆయన పత్రికలకు ఒక ప్రకటన పంపాడు. మేం పంపే సమాచారం కచ్చితంగా ఉంటుంది, దాచేదేమీ ఉండదు, అనుమానముంటే అడగండి, సరిచూసుకోవడానికి సాయం చేస్తాం అని దాని సారాంశం. వినడానికి వేదవాక్యంలా ఉంది. ఎనిమిదేళ్ళు తిరిగాయి. కొలరాడోలో లడ్లో అనే చోట, రాక్‌ఫెల్లర్ కుటుంబం పెట్టుబడి ఉన్న గనుల్లో సమ్మె. 1914 ఏప్రిల్‌లో కార్మికుల గుడారాలు తగలబడ్డాయి. గుడారాల కింద తవ్వుకున్న గోతిలో తలదాచుకున్న ఇద్దరు స్త్రీలు, పదకొండుమంది పిల్లలు ఊపిరాడక చనిపోయారు. రాక్‌ఫెల్లర్లు ఐవీ లీని పిలిపించుకున్నారు. ఆయన ‘వాస్తవాలు’ అని పేరు పెట్టి బులెటిన్లు అచ్చు వేసి దేశమంతా పంచాడు. సమ్మె నాయకులు తెగ తినేస్తున్నారని చూపించడానికి వాళ్ళ జీతాల లెక్కలు అందులో వేశాడు. ఆ లెక్కలు తప్పని తర్వాత బయటపడింది. రచయిత అప్టన్ సింక్లెయిర్ ఆయనకు ‘విషపు ఐవీ’ అని పేరు పెట్టాడు.

ఇక్కడ గమనించాల్సింది మరొకటుంది. రాక్‌ఫెల్లర్ పేరు తర్వాత ఆస్పత్రుల మీదికీ, విశ్వవిద్యాలయాల మీదికీ ఎక్కింది. గనుల సంగతి చరిత్ర పుస్తకం తీసినవాళ్ళకే తెలుస్తుంది. ఐవీ లీ మాత్రం, 1934లో హిట్లర్ నాటి జర్మనీలోని ఐజీ ఫార్బెన్ కంపెనీ దగ్గర ఏడాదికి పాతికవేల డాలర్లు తీసుకుంటున్నాడని అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు తేలి, ఆ ఏడాది నవంబరులోనే కన్నుమూశాడు. యజమాని పేరు కడిగిన మురికి నీళ్ళు ఎక్కడికి పోతాయని ఎవరైనా అడిగితే ఐవీ లీ పేరు చెప్పండి.

ఎడ్వర్డ్ బెర్నేస్ ఇంతకంటే తెలివైనవాడు. సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు మేనల్లుడు. మనసులో ఏముందో మామయ్య వైద్యం కోసం తవ్వితే, మేనల్లుడు వ్యాపారం కోసం తవ్వాడు. 1929 ఈస్టర్ ఆదివారం న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో కొంతమంది పెద్దింటి అమ్మాయిలు ఊరేగింపులో నడుస్తూ సిగరెట్లు వెలిగించారు. ఆడవాళ్ళు నడివీధిలో సిగరెట్ తాగడం తప్పనుకునే రోజులు. అవి సిగరెట్లు కావు, స్వేచ్ఛా జ్యోతులు అని పత్రికలకు చెప్పారు. ఫొటోగ్రాఫర్లు ముందే సిద్ధం. మర్నాడు దేశమంతా అదే చర్చ. లక్కీ స్ట్రైక్ అమ్మే కంపెనీ దీని వెనక ఉందని మాత్రం ఆ పత్రికలకు చెప్పలేదు. జ్యోతుల గురించి మాట్లాడినందుకు కాక, కంపెనీ గురించి మాట్లాడనందుకు బెర్నేస్‌కు డబ్బు ముట్టింది. (మన శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్ళు నిప్పు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగుతున్నది తరతరాలుగా. వాళ్ళకు ఏ బెర్నేసూ స్వేచ్ఛ సంగతి చెప్పలేదు, ఏ ఫొటోగ్రాఫరూ రాలేదు. పాపం, పీఆర్ లేదు. అంగిట్లో వచ్చే జబ్బుల మీద పరిశోధనకు మాత్రం డాక్టర్లు వచ్చారు.)

ఆ బెర్నేస్ ఇంటిదగ్గర ఏం చేసేవాడో కూడా వినండి. భార్య డోరిస్ సిగరెట్లు బాగా తాగేది. బెర్నేస్ ఆమె ప్యాకెట్లు వెతికి, ఒక్కొక్కటి విరిచి, టాయిలెట్లో పడేసి నీళ్ళు కొట్టేవాడని జీవితచరిత్ర రాసినవాళ్ళు ఆయన కూతురి మాటగా నమోదు చేశారు. ఊరి ఆడవాళ్ళకు స్వేచ్ఛా జ్యోతి. ఇంటి ఆడమనిషికి మరుగుదొడ్డి. తర్వాత 1960ల్లో ఆయన పొగాకు వ్యతిరేక ప్రచారానికి కూడా సాయం చేశాడు. నూటమూడేళ్ళు బతికాడు. ఇటు అంటించి, అటు ఆర్పి, రెండింటికీ పేరు తెచ్చుకుని నిండు నూరేళ్ళు దాటి బతికినవాడిని చూసి, ఈ వృత్తిలో గండాలున్నాయని మీ అబ్బాయిని భయపెట్టడం అంత తేలిక కాదు.

అమెరికా సరే, అమీర్‌పేట సంగతి చూద్దాం.

ఏజెన్సీలో చేరిన కుర్రాడికి మొదటి ఏడాది పని పత్రికల డెస్కులకు ఫోన్ చెయ్యడం. ‘అన్నా, మెయిల్ పెట్టాను, చూశారా?’ చూడలేదంటే మళ్ళీ పెడతాడు. చూశానంటే ‘వస్తుందా అన్నా?’ అంటాడు. రాదంటే ‘సింగిల్ కాలమ్ అయినా చాలన్నా, సార్ ఫొటో లేకపోయినా పర్లేదు’ అంటాడు. ఫొటో లేకపోతే సార్ వాడి ఉద్యోగం తీసేస్తాడని వాడికీ తెలుసు, డెస్క్‌లో కూర్చున్న మాకూ తెలుసు. నేను డెస్క్‌లో ఉన్నన్నాళ్ళూ సాయంత్రం ఆరింటి నుంచి ఈ పాటే విన్నాను. ఒక ఫొటోలో పదకొండుమంది రిబ్బను పట్టుకుని ఉంటారు, కత్తెర ఒకరి చేతిలోనే ఉంటుంది. ‘ఎడమ నుంచి కుడికి’ అని పదకొండు పేర్లూ వేయమని వాడి ప్రాణం తీసే ఒత్తిడి. ఒక పేరు తప్పు పడితే మర్నాడు పొద్దున్నే ఏడుపు గొంతుతో ఫోన్. జీతమెంత బాబూ అని ఒకసారి అడిగితే చెప్పలేదు. మంచి పీఆర్ మనిషి అవుతాడని అప్పుడే అనిపించింది.

నెలాఖరున ఆ కుర్రాడు స్కేలు పట్టుకుని కూర్చుంటాడు. నెలంతా వచ్చిన క్లిప్పింగులు ముందు వేసుకుని, వార్త ఎన్ని కాలమ్‌లలో వచ్చింది, ఎన్ని సెంటీమీటర్ల ఎత్తు వచ్చింది, ఆ పేజీలో ప్రకటన వేస్తే సెంటీమీటరుకు ఎంత అయ్యేది అని హెచ్చవేస్తాడు. ప్రకటన కన్నా వార్తను జనం ఎక్కువ నమ్ముతారు కాబట్టి దాన్ని ఇంకో మూడుతో హెచ్చవేసే ఘనులున్నారు. ‘ఇదిగో సార్, ఈ నెల మీకింత మిగిల్చాం’ అని క్లయింటుకు చూపిస్తారు. 2010లో బార్సిలోనాలో ఈ వృత్తి పెద్దలంతా కూడి, ఈ లెక్క పీఆర్ విలువ కాదని తీర్మానించారు. బార్సిలోనాలో బయల్దేరిన ఆ తీర్మానం బంజారాహిల్స్‌కు ఇంకా చేరలేదు.

నా బాధ స్కేలు గురించి కాదు. పైకి కనబడే పనికి కొలత ఉంది గానీ, అసలు పనికి కొలత లేదు. ఫ్యాక్టరీ నీళ్ళు చెరువులో కలిసిన వార్త రాత్రి తొమ్మిదింటిదాకా పేజీలో ఉంటుంది. యాడ్స్ విభాగం నుంచి ఒక ఫోన్ వస్తుంది, పదింటికి ఆ జాగాలో ‘వేసవిలో చర్మ సంరక్షణ’ వచ్చి కూర్చుంటుంది. రాని ఆ వార్తను ఏ స్కేలుతో కొలవాలి? అది కొలవగలిగితే పీఆర్ వాళ్ళ జీతాల అసలు లెక్క తెలుస్తుంది. కొలిచి ఫైల్లో పెట్టే తెలివితక్కువవాడు మాత్రం ఆ ఉద్యోగంలో ఉండడు.

ప్రెస్‌మీట్‌లో ఇచ్చే కవర్ల గురించి నేనేమీ రాయను. రాస్తే వృత్తి సోదరులు నొచ్చుకుంటారు. కవరులో ప్రెస్‌నోట్ కూడా ఉంటుందని మాత్రం కొత్తవాళ్ళ సమాచారం కోసం చెబుతున్నాను.

ఎన్నికలప్పుడు కవరు పెద్దదై ప్యాకేజీ అవుతుంది. 2009 ఎన్నికల్లో అభ్యర్థుల పొగడ్తలు డబ్బులు తీసుకుని వార్తలుగా అచ్చు వేసిన తీరు మీద పశ్చిమగోదావరి జిల్లాలో వర్కింగ్ జర్నలిస్టుల సంఘమే సర్వే చేసింది. తర్వాత ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితో ఉపసంఘం వేసింది. అందులో ఒకరు మన కె.శ్రీనివాస్‌రెడ్డి, రెండోవారు పరంజయ్ గుహ ఠాకుర్తా. వాళ్ళు 2010లో పత్రికల పేర్లతో సహా 71 పేజీల నివేదిక ఇచ్చారు. ప్రెస్ కౌన్సిల్ ఏం చేసింది? పేర్లు లేని పొట్టి నివేదిక బయటపెట్టి, పొడుగుదాన్ని లోపల పెట్టింది. సమాచార కమిషన్ చెబితే గానీ పూర్తి పాఠం బయటికి రాలేదు. డబ్బుకు వార్తలు అమ్ముకోవడం గురించిన నివేదికే పేర్లు వద్దని బతిమాలించుకుంది చూశారా! ఏ ఏజెన్సీ సాయం లేకుండా అంత చక్కటి పీఆర్ చెయ్యడం సామాన్యమైన విషయం కాదు.

సినిమా పీఆర్‌ది వేరే లోకం. అక్కడ దాపరికం అన్నదే లేదు, అంతా మైకులోనే. పోస్టర్ ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఒక పోస్టర్, దానికో గ్లింప్స్, దానికి ముందు ‘రేపు పదకొండు గంటల ఏడు నిమిషాలకు’ అని ముహూర్తం. శుక్రవారం పొద్దున ఆట పడుతుంది, సాయంత్రానికి సక్సెస్ మీట్. శనివారం బ్లాక్‌బస్టర్ సక్సెస్ మీట్. ఆదివారానికి పోస్టర్ మీద కోట్లు పెరుగుతాయి. పంపిణీదారుడి జేబులోకి రూపాయి రాదు, పోస్టర్ మీద కోటి తగ్గదు. ఆ అంకె ఎవరు చెప్పారో పీఆర్వోకు తెలుసు. ఎవరి అభిమానుల కోసం చెప్పారో కూడా తెలుసు. అడిగితే నవ్వుతాడు. ఆ నవ్వుకే ఆయనకు పారితోషికం. 2025 సంక్రాంతి సినిమాల సందడి సద్దుమణగకముందే ఆదాయపన్ను శాఖ వాళ్ళు హైదరాబాద్‌లో కొందరు నిర్మాతల ఇళ్ళకు వచ్చారు. ఆ నాలుగు రోజులూ ఊళ్ళో కోట్ల గురించి ఎవరూ పెద్దగా గొంతెత్తిన గుర్తు లేదు.

అందరినీ ఒకే గాటన కట్టకూడదనుకోండి. సూపర్‌స్టార్ కృష్ణ దగ్గర మొదలుపెట్టి, ‘సూపర్ హిట్’ పత్రిక నడిపిన బి.ఏ.రాజుకు ఏ సినిమా ఏ ఊళ్ళో ఏ థియేటర్లో ఎన్ని రోజులు ఆడిందో లెక్కలతో సహా తెలుసని పేరు. 2021లో ఆయన పోయినప్పుడు పరిశ్రమ అంతా మావాడు పోయాడని బాధపడింది. అది పీఆర్‌తో వచ్చే బాధ కాదు. అలాంటి మనిషి ఇప్పుడుంటే ఆ లెక్కల పుస్తకాన్ని చూసి ఎంతమంది భయపడేవారో!

ఇక హైదరాబాద్ పీఆర్ చరిత్రలోనే పెద్ద అధ్యాయానికి వద్దాం. సత్యం కంప్యూటర్స్. ఆ పేరు పెట్టినవాళ్ళకు బ్రాండింగ్ పాఠాలు ఎవరూ చెప్పక్కర్లేదు. 2008లో కార్పొరేట్ పాలనలో ఉత్తమ సంస్థ అని గోల్డెన్ పీకాక్ అవార్డు దానికే వచ్చింది. బంగారు నెమలి. ఆ డిసెంబరులో కంపెనీ అధినేత రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ కంపెనీలను సత్యం చేత కొనిపిస్తామని ప్రకటించి, మదుపుదారులు గొడవ చేస్తే గంటల్లో వెనక్కి తీసుకున్నారు. మేటాస్‌ను ఇంగ్లీషు అక్షరాల్లో వెనక నుంచి చదివితే సత్యం వస్తుందని అప్పటికి గానీ చాలామంది గమనించలేదు. 2009 జనవరి 7న రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. ఖాతాల్లో ఉన్నాయని చూపిన 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఆయనే రాశారు. పులి మీద ఎక్కి కూర్చున్నాను, దిగితే తినేస్తుందని దిగలేకపోయానన్నారు. ఏళ్ళతరబడి ఆ కంపెనీ పంపిన కాగితాలన్నిటిలో పీఆర్ చెయ్యి పడలేదని నమ్మదగినది అదొక్కటే అనిపిస్తుంది. ‘ప్రపంచస్థాయి’ లేదు, ‘నిబద్ధత’ లేదు, ‘వాటాదారుల విలువ’ లేదు. లేని డబ్బు లేదని ఉంది.

నెమలిని వెనక్కి తీసుకున్నారు. అవార్డు ఇచ్చిన సంస్థ పడ్డ ఇబ్బంది వేరు, ఆ అవార్డు వార్తను కష్టపడి పేజీల్లో పెట్టించిన పిల్లల ఇబ్బంది వేరు. వాళ్ళు స్కేలుతో కొలిచిన క్లిప్పింగులన్నీ అప్పటికే ఫైలై ఉన్నాయి. వాళ్ళకు నిజం తెలియదు. తెలియకుండా మోసినవాడికి కూలీ కూడా తక్కువే, ఇది ఈ వృత్తిలో మరో అన్యాయం.

పీఆర్ అంటే అన్నీ కట్టుకథలే అని కొట్టిపారేసేవాళ్ళు ఇంకో సంగతి కూడా మర్చిపోకూడదు. 2005లో అదే రామలింగరాజు మొదలుపెట్టిన 108 అంబులెన్స్ కట్టుకథ కాదు. అది నిజంగా వచ్చేది, ఇప్పటికీ వస్తోంది, దాని వల్ల బతికినవాళ్ళు ఊరూరా ఉన్నారు. చిక్కంతా అక్కడే. నిజంగా పనిచేసే అంబులెన్సు కళ్ళముందు తిరుగుతుంటే బ్యాలెన్స్ షీట్ మీద ఎవరికి అనుమానం వస్తుంది? తెలివిగల పీఆర్ మనిషి అబద్ధాన్ని ఒంటరిగా బజారుకు పంపడు, ఒక నిజాన్ని తోడిచ్చి పంపుతాడు.

నోరు మూసుకోవడంలో నేర్పు తెలిసేది ప్రమాదం జరిగినప్పుడు. ఫ్యాక్టరీలో ఏదో పేలింది. బయట గేటు దగ్గర బంధువులు, టీవీ బళ్ళు. లోపల ఏసీ గదిలో పీఆర్ మేనేజరు, లాయరు, హెచ్ఆర్ ఆయన, ఎండీ గారి పీఏ నాలుగు లైన్ల ప్రకటన రాస్తుంటారు. దీన్ని హోల్డింగ్ స్టేట్‌మెంట్ అంటారు, అంటే జనాన్ని కాసేపు పట్టి ఆపేది. మేనేజరు మొదట ‘క్షమించండి’ అని రాస్తాడు. మనిషే కదా! లాయరు దాన్ని కొట్టేస్తాడు, క్షమాపణ చెబితే కోర్టులో తప్పు ఒప్పుకున్నట్టే. అది ‘విచారం’ అవుతుంది. ‘ముగ్గురు’ అన్న అంకెను హెచ్ఆర్ కొట్టేస్తాడు, కాంట్రాక్టు కూలీలు మనవాళ్ళ లెక్కలోకి రారు కదా అని. అది ‘కొందరు’ అవుతుంది. ‘పేలుడు’ దగ్గర పీఏ ఆగుతాడు, షేర్ ధర చూడాలి. అది ‘ఘటన’ అవుతుంది. చివరికి బయటికొచ్చేది ఇది: ‘ఈ ఉదయం చోటుచేసుకున్న దురదృష్టకర ఘటన పట్ల యాజమాన్యం విచారం వ్యక్తం చేస్తోంది. పరిస్థితి పూర్తిగా అదుపులో ఉంది. ఉద్యోగుల భద్రతకే మా తొలి ప్రాధాన్యం.’ ఎవరు పోయారు, ఎందుకు పోయారు, రేపు మళ్ళీ అక్కడ డ్యూటీకి ఎవరెళ్ళాలి, ఒక్కటీ లేదు. ఇంత ఖాళీగా రాయడానికి ఎంత తెలిసి ఉండాలో ఆలోచించండి. ఆ గదిలోంచి మేనేజరు ఇంటికెళ్ళి అన్నం తింటాడో లేదో నాకు తెలియదు. ఈఎంఐ మాత్రం అయిదో తారీఖున కట్ అవుతుంది.

తాళం ఊడితే ఏమవుతుందో కూడా రికార్డు ఉంది. 2010 నవంబరులో నీరా రాడియా ఫోన్ సంభాషణలు పత్రికలకెక్కాయి. టాటాలకూ, ముకేశ్ అంబానీకీ పీఆర్ చేసిన మనిషి. మంత్రి పదవుల బేరసారాలు, పేరున్న జర్నలిస్టుల పలకరింపులు, అన్నీ ఆ టేపుల్లో. మర్నాటి నుంచి ఆమె గురించే వార్తలు. ఏడాది తిరక్కుండా ఆ వ్యాపారం మానుకుంటున్నట్టు ప్రకటించింది. ఆమె అన్న మాటల్లో తప్పెంత ఒప్పెంత అన్నది కోర్టులకు వదిలేద్దాం. వృత్తిరీత్యా ఆమెకు జరిగిన నష్టం ఒక్కటే, నలుగురికీ వినపడింది. లండన్‌లో బెల్ పాటింజర్ అని ఒక పెద్ద ఏజెన్సీ. మన సహారన్‌పూర్ నుంచి దక్షిణాఫ్రికా వెళ్ళిన గుప్తా సోదరుల తరఫున పనికి దిగి, వాళ్ళ మీద వచ్చిన అవినీతి ఆరోపణల నుంచి జనం చూపు మళ్ళించడానికి జాతి వైరాన్ని రాజేసిందని గోల పుట్టింది. 2017 సెప్టెంబరులో వృత్తి సంఘమే దాన్ని వెలివేసింది. కొద్ది రోజుల్లో కంపెనీయే కూలిపోయింది. ఊరందరికీ పరువు అమ్మిన కొట్లో తమ కోసం ఒక్క పొట్లం కూడా మిగల్లేదు.

ఇవన్నీ విని, గండాలు లేని పీఆర్ ఎక్కడైనా ఉందా అంటే ఉంది. సర్కారు పీఆర్. సమాచార పౌర సంబంధాల శాఖలో పోస్టింగు దొరికితే వదలకండి. ప్రభుత్వాలు పడతాయి, లేస్తాయి, ప్రెస్‌నోట్ పడదు. ఆంధ్రలో రైతుకిచ్చే డబ్బు అన్నదాత సుఖీభవగా మొదలై, 2019లో వైఎస్సార్ రైతు భరోసా అయి, 2025లో మళ్ళీ అన్నదాత సుఖీభవ అయింది. ఇటు తెలంగాణలో రైతుబంధు ఉండేది, దాని స్థానంలో 2025లో రైతు భరోసా వచ్చింది. అంటే అక్కడ దుకాణం కట్టేసిన పేరు ఇక్కడ బోర్డు పెట్టింది. చంద్రన్న బీమా వైఎస్సార్ బీమా అయింది. 2019లో మూతపడ్డ అన్న క్యాంటీన్లు 2024 ఆగస్టులో తెరుచుకున్నాయి. ఒక్కో మార్పుకూ కొత్త రంగులు, కొత్త ఫొటోలు, కొత్త ఫ్లెక్సీలు, పాత ప్రభుత్వాన్ని తిడుతూ కొత్త కరపత్రం. తిట్లు రాసేది, అయిదేళ్ళ కిందట పొగడ్తలు రాసిన ఆఫీసే. వాళ్ళ దగ్గర ఉన్న సమాచారం బయటపెడితే రెండు పక్షాలకూ ఇబ్బంది. కాబట్టి ఏ పక్షమూ వాళ్ళ జోలికి పోదు.

ప్రభుత్వం మారిన కొత్తలో జిల్లా నుంచి వచ్చే నోట్ చూడటం డెస్క్‌లో పనిచేసేవాళ్ళకు ఒక సరదా. పాత ఫైల్ తెరిచి, పేర్లు మార్చి, తేదీ మార్చి పంపుతారు. మొదటి పేరాలో కొత్త ముఖ్యమంత్రి దార్శనికత ఉంటుంది. మూడో పేరాకు వచ్చేసరికి పాత ముఖ్యమంత్రి ఇంకా పేదల గుండెల్లో దీపం వెలిగిస్తూనే ఉంటాడు. ఒక సబ్ ఎడిటర్ ఉండబట్టలేక ఫోన్ చేశాడు.

‘సార్, మూడో పేరాలో మాజీగారు ఇంకా దిగలేదు.’

అవతల తడబాటు లేదు, నాలుక కరుచుకోవడం లేదు. ‘చూశాను బ్రదర్. అక్కడ పేరు తీసేసి ఉత్త గౌరవ ముఖ్యమంత్రి అని పెట్టెయ్యండి. ఇకనుంచి అన్నీ అలాగే పంపుతాం, మీకూ పని తగ్గుతుంది.’